ఒకే టెక్స్ట్ కాంపోనెంట్, రెండు ఫోన్లలో రెండు రూపాలు

ఒక యాప్‌లో ఫారం కింద "సమర్పించండి" అని బటన్ పెట్టాం. నా ఫోన్‌లో బాగానే ఉంది. కంప్యూటర్‌లో నడిచే నకిలీ ఫోన్‌లో, అంటే ఎమ్యులేటర్‌లోనూ బాగానే ఉంది. టెస్టింగ్ చేసే అమ్మాయి ఫోన్‌లో మాత్రం "సమర్పించం" దగ్గర ఆగిపోయింది. చివరి "డి" లేదు. మూడు చుక్కలు కూడా లేవు, అక్షరాన్ని ఎవరో గోటితో గిల్లేసినట్టు ఉంది. బటన్ వెడల్పు పెంచాం, పక్కల ఖాళీ పెంచాం, చివరికి పదం తర్వాత ఒక స్పేస్ కూడా పెట్టి చూశాం. (ఈ చిట్కా వాడి, ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నవాళ్లు చాలామందే ఉంటారు.) అసలు సంగతి తేలడానికి రెండు రోజులు పట్టింది. ఆమె ఫోన్ సెట్టింగ్స్‌లో అక్షరాలన్నీ బోల్డ్‌గా కనిపించేలా పెట్టుకుంది. యాప్ కట్టడానికి మేం వాడే ఫ్రేమ్‌వర్క్ మామూలు అక్షరాల లెక్కన వెడల్పు కొలిచింది. ఫోన్ బోల్డ్ అక్షరాలతో గీసింది. కొలిచింది ఒకరు, గీసింది ఇంకొకరు. వాళ్లిద్దరి లెక్కల మధ్య తేడాలో "డి" పడిపోయింది.

క్రాస్‌ప్లాట్‌ఫామ్ యాప్‌లలో అక్షరాలతో వచ్చే తలనొప్పులు చాలావరకు ఈ బగ్‌కు చుట్టాలే. అందుకే తెర మీద అక్షరాలు చూపించే టెక్స్ట్ కాంపోనెంట్ గురించి ఎవరైనా అడిగితే నేను ప్రాపర్టీల జాబితా జోలికి పోకుండా ముందు ఒక ప్రశ్న అడుగుతాను: మీ ఫ్రేమ్‌వర్క్‌లో అక్షరాన్ని ఎవరు కొలుస్తున్నారు, ఎవరు గీస్తున్నారు?

ఒకసారి రాసిన కోడ్ ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ, కుదిరితే బ్రౌజర్‌లోనూ నడుస్తుందన్నది ఈ ఫ్రేమ్‌వర్కులు ఇచ్చే హామీ. 2015లో ఫేస్‌బుక్ బయటికి వదిలిన రియాక్ట్ నేటివ్, 2018 డిసెంబరులో 1.0 వెర్షన్‌కు చేరిన గూగుల్ వారి ఫ్లట్టర్, జెట్‌బ్రెయిన్స్ వారి కంపోజ్ మల్టీప్లాట్‌ఫామ్, మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్ మావీ, వీటిలో దేన్ని పట్టుకున్నా కొత్తవాళ్లు మొదటిరోజు వాడేది తెర మీద నాలుగు అక్షరాలు చూపించే కాంపోనెంటే. మొదటి మూడింటిలో దాని పేరు టెక్స్ట్, మావీలో లేబుల్. మొదటిరోజే వచ్చేస్తుంది కాబట్టి తేలికైనదని అనుకుంటాం. తెర మీద ఉండే వస్తువులన్నిటిలోకీ మొండిది అదేనని నా అభిప్రాయం.

ఎందుకంటే మిగతావాటి కొలత మన చేతిలో ఉంటుంది. ఒక పెట్టెకు వంద వెడల్పు, యాభై ఎత్తు అని చెబితే అది అంతే ఉంటుంది. బొమ్మ అయితే దాని పొడవు వెడల్పులు ఫైలులోనే రాసి ఉంటాయి. టెక్స్ట్ అలా కాదు. ఎంత వెడల్పు ఇస్తున్నామో చెబితే తప్ప తనకు ఎంత ఎత్తు కావాలో అది చెప్పలేదు. ఆ జవాబు కూడా ఫాంటును బట్టి, భాషను బట్టి, వాడేవాళ్లు ఫోన్‌లో పెట్టుకున్న అక్షరాల సైజును బట్టి మారిపోతుంది. కాబట్టి తెర మీద ఏది ఎక్కడ కూర్చోవాలో తేల్చే లేఅవుట్ ఇంజన్ ప్రతిసారీ టెక్స్ట్‌ను పిలిచి "నీకు ఇంత వెడల్పు ఇస్తా, ఎంత ఎత్తు తీసుకుంటావు?" అని అడగాలి. రియాక్ట్ నేటివ్‌లో పెట్టెలన్నీ అమర్చేది యోగా అనే ఇంజన్. దానికి అక్షరాల గురించి ఏమీ తెలియదు. టెక్స్ట్ దగ్గరికి వచ్చేసరికి కొలిచి చెప్పే బాధ్యతను బయటి ఫంక్షన్‌కు అప్పగించేస్తుంది. మా "డి" పోయింది సరిగ్గా ఆ అప్పగింతల దగ్గరే.

అరువు తెచ్చుకునేవాళ్లు, సొంతంగా గీసుకునేవాళ్లు

ఈ ఫ్రేమ్‌వర్కులు రెండు తెగలు. మొదటి తెగ అక్షరాలు గీసే పనిని ఫోన్‌కే వదిలేస్తుంది. రియాక్ట్ నేటివ్‌లో మీరు రాసిన టెక్స్ట్, ఆండ్రాయిడ్‌లో ఆ సిస్టమ్ సొంత టెక్స్ట్‌వ్యూగా మారుతుంది. ఐఫోన్‌లో యాపిల్ వారి అక్షర యంత్రాంగం చేతికి వెళుతుంది. మావీ దారి కూడా ఇదే. రెండో తెగ ఫోన్‌ను ఒక ఖాళీ కాన్వాస్ అడిగి తీసుకుని, అక్షరాలతో సహా అన్నీ తనే గీసుకుంటుంది. ఫ్లట్టర్ అలాంటిది. ఐఫోన్‌లో, డెస్క్‌టాప్‌లో కంపోజ్ మల్టీప్లాట్‌ఫామ్ కూడా అంతే. ఆండ్రాయిడ్‌లో మాత్రం కంపోజ్ ఆ సిస్టమ్ అక్షర సరంజామానే వాడుకుంటుంది.

అరువు తెచ్చుకుంటే లాభం ఏమిటంటే, ఫోన్‌లో మిగతా యాప్‌లలో అక్షరాలు ఎలా కనిపిస్తాయో మీ యాప్‌లోనూ అలాగే కనిపిస్తాయి. ఫోన్ కొత్త భాషనో కొత్త ఇమోజీనో నేర్చుకుంటే మీ యాప్‌కూ వచ్చేస్తుంది. నష్టం, రెండు ఫోన్లలో ఒకే పేరా ఒకే చోట విరగదు. వెడల్పులో అర పిక్సెల్ తేడా చాలు, ఒకచోట మూడు లైన్లలో సరిపోయినది ఇంకోచోట నాలుగు లైన్లవుతుంది. సొంతంగా గీసుకుంటే రెండుచోట్లా దాదాపు ఒకేలా వస్తుంది, డిజైనర్లకు ప్రాణం లేచొస్తుంది. కానీ ఫోన్ ఉచితంగా ఇచ్చే ప్రతి సదుపాయాన్నీ ఫ్రేమ్‌వర్క్ మళ్లీ కష్టపడి తయారుచేసుకోవాలి. అక్షరాల మీద వేలు నొక్కి పట్టుకుని కాపీ చేసుకోవడం అలాంటిదే. ఫ్లట్టర్‌లో మామూలు టెక్స్ట్‌ను అలా ఎంచుకోవడానికి వీలుండదు, దానికి వేరే విడ్జెట్ (కాంపోనెంట్‌కు ఫ్లట్టర్‌లో పేరు అది) వాడాలి. ఒక పేజీలోని అక్షరాలన్నిటినీ కలిపి ఎంచుకునే విడ్జెట్ 3.3 వెర్షన్‌లో గానీ రాలేదు.

గీయడం ఎవరి చేతిలో ఉందన్నది ఎంత పెద్ద విషయమో తెలుగువాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు. 2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్లను కుప్పకూల్చిన సంగతి గుర్తుండే ఉంటుంది. జ, దాని కింద ఞ వత్తు, ఆ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే కోడు, చివర దీర్ఘం, ఈ వరస మెసేజ్‌లో వస్తే దాన్ని చూపించబోయిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌లో వస్తే హోమ్ స్క్రీనే పడిపోయేది. యాపిల్ అదే నెలలో 11.2.6 వెర్షన్‌తో దాన్ని సరిచేసింది. ఆ యాప్‌లు రాసినవాళ్ల తప్పు అందులో ఏమీ లేదు. అక్షరం గీసే పని ఫోన్‌కు ఇచ్చారు, ఫోన్ తడబడింది. అరువు తెచ్చుకోవడంలో ఈ రిస్కు ఉంది. అయితే దానికి మందు కూడా ఫోన్ అప్‌డేట్‌తోనే వచ్చేసింది, యాప్‌లన్నీ మళ్లీ తయారుచేయాల్సిన పని పడలేదు.

స్ట్రింగ్ నుంచి తెర దాకా

మనం ఇచ్చేది ఒక స్ట్రింగ్, అంటే యూనికోడ్ అంకెల వరస. "స్త్రీ" అనే మాటలో కంటికి కనిపించేది ఒకే అక్షరం. లోపల మాత్రం ఆరు కోడ్లు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఈ ఆరింటినీ చూసి, ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో, ఏది వత్తుగా మారాలో ఫాంటులోని నియమాల ప్రకారం తేల్చే పనిని షేపింగ్ అంటారు. హార్ఫ్‌బజ్ అనే ఓపెన్‌సోర్స్ లైబ్రరీ ఆండ్రాయిడ్‌లోనూ ఫ్లట్టర్‌లోనూ ఈ పని చేస్తుంది. యాపిల్‌కు కోర్ టెక్స్ట్ అనే సొంత సరుకుంది. షేపింగ్ కంటే ముందు ఇంకో మెట్టు ఉంది: స్ట్రింగ్‌లో ఏ ముక్క ఏ లిపిది, ఏది కుడి నుంచి ఎడమకు నడిచేది, ఏ ముక్కకు ఏ ఫాంటు అని విడగొట్టుకోవాలి. షేపింగ్ అయ్యాకే వెడల్పులు తెలుస్తాయి. వెడల్పులు తెలిశాకే లైను ఎక్కడ విరగాలో తెలుస్తుంది. థాయ్ లాంటి లిపిలో పదాల మధ్య ఖాళీలు ఉండవు కాబట్టి అక్కడ లైను విరగ్గొట్టడానికి నిఘంటువు కావాలి. ఇవన్నీ అయ్యాకే ఎత్తు లెక్క తేలుతుంది, ఆ లెక్క లేఅవుట్ ఇంజన్‌కు చేరుతుంది.

ఇంత తతంగం ఉంది కనుకే వేల లైన్ల చాట్ తెర స్క్రోల్ చేస్తుంటే ఫోన్ ఆయాసపడుతుంది. అక్షరాలు గీయడం కన్నా కొలవడం ఖరీదైన పని. పాత కొలతలు దాచుకుని మళ్లీ వాడుకోవడం మీద ఈ ఫ్రేమ్‌వర్కులు అంత శ్రద్ధ పెట్టేది అందుకే.

ఫాంటుల దగ్గర తెలుగు యాప్‌లు చేసే పొరపాటు ఒకటుంది. డిజైనర్ ఎంచుకున్న ముచ్చటైన ఇంగ్లిష్ ఫాంటు ఫైలును యాప్‌లో పెడతారు. అందులో తెలుగు అక్షరాలే ఉండవు. అయినా తెలుగు కనిపిస్తుంది. ఎలాగంటే, సిస్టమ్ తన దగ్గరున్న ఇంకో ఫాంటు నుంచి ఆ అక్షరాలు తెచ్చి అతికిస్తుంది. ఆండ్రాయిడ్‌లో ఒక ఫాంటు, ఐఫోన్‌లో వేరే ఫాంటు. రెండిటి ఎత్తులు వేరు, మందాలు వేరు. ఒకే లైనులో ఇంగ్లిష్ పదం, తెలుగు పదం పక్కపక్కన ఉంటే లైను ఎత్తు ఆ ఇద్దరిలో పొడుగువాడిని బట్టి పోతుంది. ఇంగ్లిష్‌లో చక్కగా వరుసలో ఉన్న కార్డులు తెలుగుకు మార్చగానే మెట్లు మెట్లుగా అయిపోవడానికి ఇదొక కారణం. బ్రౌజర్‌లో నడిచే ఫ్లట్టర్‌కైతే సిస్టమ్ ఫాంటులు అందవు. కావలసిన లిపికి గూగుల్ వారి నోటో ఫాంటును నెట్ నుంచి దించుకుంటుంది. అది వచ్చేదాకా తెలుగు చోట డబ్బాలు కనిపిస్తాయి. తెలుగులో యాప్ చేస్తున్నవాళ్లు తెలుగు ఫాంటును కూడా యాప్‌తోపాటే పంపడం మంచిది. కొంచెం సైజు పెరుగుతుంది, పెరగనివ్వండి.

ఫాంటు పేరు దగ్గర ఇంకో చిక్కు. రియాక్ట్ నేటివ్‌లో ఫైలుగా చేర్చిన ఫాంటును ఆండ్రాయిడ్ ఫైలు పేరుతో వెతుకుతుంది. ఐఫోన్ ఫాంటు లోపల రాసి ఉన్న పేరుతో వెతుకుతుంది. రెండూ ఒకటి కాకపోతే ఒకచోట ఫాంటు వస్తుంది, ఇంకోచోట రాదు. ఫైలు పేరునే లోపలి పేరుకు సరిపోయేలా మార్చేసుకుంటే గొడవ వదిలిపోతుంది.

అలవాట్లు మోసం చేసే చోట్లు

వెబ్ నుంచి వచ్చినవాళ్లకు రియాక్ట్ నేటివ్ ఇచ్చే మొదటి షాక్ ఏమిటంటే, అక్షరాలు ఎక్కడబడితే అక్కడ రాయడానికి లేదు. ప్రతి స్ట్రింగ్ టెక్స్ట్ లోపలే ఉండాలి, లేకపోతే ఎర్రర్. ఇది తెలిసి కూడా అనుభవజ్ఞులు దొరికిపోయే చోటు ఒకటుంది. కొత్త మెసేజ్‌ల సంఖ్య ఉంటేనే బ్యాడ్జ్ చూపించాలని "సంఖ్య ఉంటే, అప్పుడు బ్యాడ్జ్" అని రెండు యాండ్ గుర్తులతో ఒక్క లైనులో రాస్తారు. సంఖ్య సున్నా అయినప్పుడు జావాస్క్రిప్ట్ ఆ మొత్తానికి విలువగా సున్నానే ఇస్తుంది. బ్రౌజర్‌లో అయితే తెర మీద ఒక సున్నా దిక్కులేకుండా కనిపిస్తుంది, అంతే. ఇక్కడ ఆ సున్నా టెక్స్ట్ బయట ఉన్న అక్షరం అవుతుంది, తెర మొత్తం ఎర్రర్‌తో నిండిపోతుంది. ఇన్‌బాక్స్ ఖాళీగా ఉన్నవాళ్లకు మాత్రమే వచ్చే బగ్ ఇది. డెవలపర్ల టెస్ట్ అకౌంట్లలో ఇన్‌బాక్స్ ఎప్పుడూ నిండుగానే ఉంటుంది కదా.

రెండోది స్టైల్ వారసత్వం. వెబ్‌లో పేజీకి ఒక ఫాంటు చెబితే అది పైనుంచి కింది దాకా ప్రవహిస్తుంది. రియాక్ట్ నేటివ్‌లో వ్యూ అనే పెట్టె మీద పెట్టిన రంగు గానీ ఫాంటు గానీ లోపలి టెక్స్ట్‌కు చేరదు. టెక్స్ట్ లోపల పెట్టిన టెక్స్ట్‌కు మాత్రమే చేరుతుంది. ఎందుకంటే ఒకదానిలో ఒకటి పెట్టిన టెక్స్ట్‌లు అసలు వేరువేరు వస్తువులుగా మిగలవు. అన్నీ కలిసి ఒకే పొడుగు స్ట్రింగ్ అయి, ఫలానా చోటు నుంచి ఫలానా చోటు దాకా బోల్డ్, ఇక్కడి నుంచి అక్కడికి నీలం అని గుర్తులు పెట్టుకుంటాయి. లోపలి టెక్స్ట్‌కు మార్జిన్, ప్యాడింగ్ (బయటి ఖాళీ, లోపలి ఖాళీ) పెట్టినా పనిచేయకపోవడానికి కారణం కూడా అదే. అక్కడ పెట్టె లేదు, స్ట్రింగ్ మీద గీతలు మాత్రమే ఉన్నాయి.

ఫ్లట్టర్‌లో వారసత్వం ఉంది గానీ అది వేరే దారిలో వస్తుంది. టెక్స్ట్ విడ్జెట్ తన పైన దగ్గరలో ఉన్న డిఫాల్ట్ స్టైల్‌ను వెతుక్కుంటుంది. గూగుల్ మెటీరియల్ డిజైన్ వాడే యాప్‌లో, పేజీకి చట్రంగా ఉండే స్కాఫోల్డ్ లాంటిదేదీ పైన లేకుండా టెక్స్ట్ పెట్టి చూడండి, పెద్ద ఎర్రక్షరాలు, కింద పసుపు జంట గీతలు వస్తాయి. మొదటిసారి చూసినవాళ్లు యాప్ పాడైందనుకుంటారు. స్టైల్ చెప్పడం మర్చిపోయావని ఫ్రేమ్‌వర్క్ గట్టిగా గుర్తుచేసే పద్ధతి అది. నాకు ఈ పద్ధతి నచ్చుతుంది. మౌనంగా తప్పు చేయడం కన్నా అరిచి చెప్పడం నయం.

లైను ఎత్తు సంగతి చూడండి. వెబ్ పేజీల స్టైల్ రాసే సీఎస్ఎస్‌లో 1.5 అంటే అక్షరం సైజుకు ఒకటిన్నర రెట్లు. ఫ్లట్టర్‌లో కూడా రెట్ల లెక్కే. రియాక్ట్ నేటివ్‌లో అదే అంకె నేరుగా కొలత. వెబ్ అలవాటుతో 1.5 అని రాస్తే ఒకటిన్నర యూనిట్ల ఎత్తులో లైన్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తాయి. రియాక్ట్ నేటివ్ అలవాటుతో ఫ్లట్టర్‌కు వెళ్లి 24 అని రాస్తే రెండు లైన్ల మధ్య ఊరవతల ఊరంత దూరం వస్తుంది. చెప్పేది ఒకే సంగతి, పేరూ ఇంచుమించు ఒకటే, అర్థం వేరు.

ఐకాన్ పక్కన పొడుగు వాక్యం పెట్టడం ప్రతి యాప్‌లోనూ ఉండేదే. వెబ్‌లో ఫ్లెక్స్ వరుసలో ఉన్న వస్తువులు చోటు చాలకపోతే తమంతట తాము కుంచించుకుంటాయి. రియాక్ట్ నేటివ్‌లో కుంచించుకునే గుణం మొదట సున్నాగా ఉంటుంది. దాంతో వాక్యం ఐకాన్‌ను చూసి సర్దుకోకుండా కుడి అంచు దాటి తెర బయటికి పోతుంది. టెక్స్ట్‌కు ఫ్లెక్స్ ష్రింక్ 1 అని ఒక్క మాట చెబితే లైను విరిగి కిందికి వస్తుంది. ఫ్లట్టర్‌లో రో అనే విడ్జెట్ తన లోపలి టెక్స్ట్‌కు వెడల్పు మీద పరిమితే పెట్టదు. పరిమితి లేదు కాబట్టి టెక్స్ట్ ఒకే లైనులో సాగిపోతుంది, డీబగ్ మోడ్‌లో అంచున పసుపు నలుపు చారలు వస్తాయి. ఎక్స్‌పాండెడ్ అనే విడ్జెట్‌లో చుడితే సరి. ఈ రెండు బగ్‌లూ పైకి వేరుగా కనిపిస్తాయి గానీ కారణం ఒకటే: టెక్స్ట్‌ను "ఎంత ఎత్తు కావాలి" అని అడిగేటప్పుడు నిజమైన వెడల్పు చెప్పలేదు.

వత్తులకు చోటు

ఆండ్రాయిడ్‌లో బటన్ మధ్యలో పెట్టిన ఇంగ్లిష్ అక్షరాలు కొంచెం కిందికో పైకో జరిగినట్టు ఉంటే, నెట్‌లో దొరికే సలహా ఇంక్లూడ్ ఫాంట్ ప్యాడింగ్ అనే సెట్టింగ్‌ను ఆపేయమని. ఆపేస్తే ఇంగ్లిష్ చక్కగా మధ్యలోకి వస్తుంది, డిజైనర్ సంతోషిస్తారు. కానీ ఆండ్రాయిడ్ ఆ ఖాళీని ఊరికే పెట్టలేదు. కొన్ని లిపుల్లో అక్షరాలు మామూలు గీత కంటే పైకీ కిందికీ చాచుకుంటాయి. వాటి కోసం ఉంచిన చోటు అది. తెలుగులో పైన గుడి, కింద వత్తు, ఆ వత్తు కింద ఇంకో వత్తు ఉండే అక్షరాలు బోలెడు. ఆ ఖాళీ తీసేసి, దానికి తోడు లైను ఎత్తు ఇంగ్లిష్‌కు తగ్గట్టు బిగిస్తే, "రాష్ట్రం" లాంటి మాటలో అడుగు ముక్క తెగిపోయే ప్రమాదం ఉంది.

ఆండ్రాయిడ్ ఈ విషయంలో తనే దారి మార్చుకుంది. చాలాకాలం పాటు బటన్లు, మెనూల కోసం తెలుగు, తమిళం, కన్నడం, అరబిక్, థాయ్ లాంటి లిపులకు ఎత్తు కుదించిన ప్రత్యేక ఫాంటులు వాడేది. ఆండ్రాయిడ్ 15ను లక్ష్యంగా పెట్టుకున్న యాప్‌లలో సహజమైన ఎత్తున్న ఫాంటులే మొదటి ఎంపిక అయ్యాయి. ఆండ్రాయిడ్ 16కు వచ్చేసరికి పాతదానికి తిరిగి వెళ్లే సెట్టింగ్‌ను కూడా పట్టించుకోవడం మానేసింది. కాబట్టి తెలుగు టెక్స్ట్ ఎత్తును అంకెతో బిగించి పెట్టిన తెర ఏదైనా, కోడ్‌లో మరేమీ ముట్టుకోకపోయినా, టార్గెట్ వెర్షన్ పెంచిన రోజున తేడాగా కనిపించవచ్చు. బటన్‌కు ఎత్తు ఇవ్వకండి. పైనా కిందా ఖాళీ ఇచ్చి, మధ్యలో ఎత్తు ఎంతో టెక్స్ట్‌నే చెప్పుకోనివ్వండి.

అక్షరాలు పెద్దవి చేసుకున్నవాళ్లు

ఐఫోన్‌లో మామూలు పేరా అక్షరం సైజు 17 పాయింట్లు. చూపు సరిగ్గా ఆననివాళ్లు సెట్టింగ్స్‌లో చివరిదాకా పెంచుకుంటే అది 53 అవుతుంది. మూడు రెట్ల పైనే. ఆండ్రాయిడ్ 14 నుంచి అక్షరాలను రెట్టింపు దాకా పెంచుకోవచ్చు, అయితే అన్నిటినీ ఒకే రెట్టున పెంచదు. చిన్న అక్షరాలు ఎక్కువగా పెరుగుతాయి, శీర్షికల్లాంటి పెద్దవి అంతగా పెరగవు. ఇప్పటికే పెద్దగా ఉన్నదాన్ని రెట్టింపు చేసి తెర నింపడం దేనికన్నది ఆలోచన. తెలివైనదే, కానీ దీనివల్ల "అక్షరాల సైజు ఇంటూ ఒక అంకె" అనే లెక్క చెల్లకుండా పోయింది. ఫ్లట్టర్ అంతకుముందు ఒకే గుణకం వాడేది. దాన్ని పక్కనపెట్టి, ఏ సైజుకు ఎంత పెంచాలో విడివిడిగా చెప్పే టెక్స్ట్ స్కేలర్‌ను తెచ్చింది ఇందుకే.

రియాక్ట్ నేటివ్ టెక్స్ట్ మామూలుగానే ఈ సెట్టింగ్‌ను గౌరవిస్తుంది. అలౌ ఫాంట్ స్కేలింగ్ అనే ప్రాప్‌కు (కాంపోనెంట్‌కు మనం ఇచ్చే సెట్టింగ్) నో అని చెప్పి దాన్ని ఆపేయొచ్చు. లేఅవుట్ పగిలిపోతోందని టీమ్‌లు తీసుకునే మొదటి నిర్ణయం అదే. అది నాకు మింగుడుపడదు. అక్షరాలు పెద్దవి చేసుకున్న మనిషి సరదాకు చేసుకోలేదు. తెరను చదవలేక చేసుకున్నాడు. మరీ ఇరుకైన చోట, ట్యాబ్ పేర్ల లాంటి చోట, మాక్స్ ఫాంట్ సైజ్ మల్టిప్లయర్‌తో ఒక గరిష్ఠ హద్దు పెట్టుకోవచ్చు. వెబ్ యాక్సెసిబిలిటీ మార్గదర్శకాలు కూడా అక్షరాలను 200 శాతం దాకా పెంచినా సమాచారం పోకూడదంటాయి. ఫ్లట్టర్ వాడేవాళ్లకు ఒక మాట: రంగురంగుల అక్షరాల కోసం రిచ్‌టెక్స్ట్ విడ్జెట్‌ను నేరుగా వాడితే అది ఈ సైజు సెట్టింగ్‌ను గానీ, బోల్డ్ సెట్టింగ్‌ను గానీ, పైనుంచి వచ్చే స్టైల్‌ను గానీ తనంతట తాను తీసుకోదు. అదే పనికి టెక్స్ట్ డాట్ రిచ్ ఉంది, అది అన్నీ తీసుకుంటుంది.

మూడు చుక్కల ముందు

పొడుగు టెక్స్ట్‌ను రెండు లైన్లకు కుదించాలంటే కాంపోనెంట్‌కే చెప్పాలి. రియాక్ట్ నేటివ్‌లో నంబర్ ఆఫ్ లైన్స్, ఫ్లట్టర్‌లో మాక్స్ లైన్స్. చుక్కలు మొదట్లో రావాలా, మధ్యలో రావాలా, చివర రావాలా అన్నది కూడా రియాక్ట్ నేటివ్‌లో చెప్పొచ్చు. ఫైలు పేర్లకు మధ్యలో చుక్కలు బాగుంటాయి, చివర ఉన్న ఎక్స్‌టెన్షన్ కనిపిస్తుంది. అలా చెప్పకుండా, స్ట్రింగ్‌ను మనమే ఇరవై దగ్గర కోసి చుక్కలు తగిలించే కోడ్ చాలా యాప్‌లలో ఉంది. ఇంగ్లిష్‌లో అది నడిచిపోతుంది. ఈ ఫ్రేమ్‌వర్కుల్లో కోడ్ రాసే జావాస్క్రిప్ట్, డార్ట్, కోట్లిన్ భాషలు మూడూ స్ట్రింగ్ పొడవును యూటీఎఫ్-16 అనే పద్ధతి ముక్కల్లో లెక్కపెడతాయి. "స్త్రీ" పొడవు అడిగితే 6 అంటాయి. రెండు దగ్గర కోస్తే "స్" మిగులుతుంది, ఇంకో మాటే అయిపోతుంది. నలుగురు మనుషుల కుటుంబం ఇమోజీ కంటికి ఒకటే, వీటి లెక్కలో 11. మధ్యలో కోస్తే పిల్లలు మాయమవుతారు, ఒక్కోసారి ప్రశ్నార్థకం గుర్తున్న డబ్బా మిగులుతుంది.

యాపిల్ వారి స్విఫ్ట్ భాష మాత్రం కంటికి కనిపించే అక్షరాలను లెక్కపెట్టాలని చూస్తుంది. అక్కడా ఒక మెలిక ఉంది. కనిపించే అక్షరం అంటే ఏమిటో నిర్వచించేది యూనికోడ్. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌కు ముందు, ఆ నిర్వచనం ప్రకారం "స్త్రీ" మూడు ముక్కలు: స్, త్, రీ. 15.1లో తెలుగుతో సహా కొన్ని భారతీయ లిపుల్లో పొల్లుతో కలిసిన హల్లులను విడదీయకూడదని నియమం చేర్చారు. దాంతో అది ఒకటైంది. అంటే ఒకే మాటకు మీరు ఎవరిని అడిగారన్నదాన్ని బట్టి 6, 3, 1 అని మూడు జవాబులు వస్తాయి. పేరు పెట్టెలో "గరిష్ఠంగా 10 అక్షరాలు" అని రాసేముందు ఎవరి అక్షరాలో తేల్చుకోవాలి. సర్వర్ ఒక లెక్క, ఫోన్ ఒక లెక్క వేసుకుంటే, ఫోన్ సరేనన్న పేరును సర్వర్ తిప్పి పంపేస్తుంది. వాడేవాళ్లు అక్షరాలు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ కూర్చుంటారు.

అక్షరాల మధ్య ఖాళీ పెంచే లెటర్ స్పేసింగ్ కూడా ఇంగ్లిష్ శీర్షికలకు అందం. అరబిక్‌లో అక్షరాలు చేతులు పట్టుకుని నడుస్తాయి, ఖాళీ పెడితే ఆ చేతులు విడిపోతాయి. అనువాదాలున్న యాప్‌లో దీన్ని అందరికీ ఒకే స్టైల్‌గా పెట్టకూడదు.

తెర చదివే సాఫ్ట్‌వేర్ల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఫోన్ సొంత టెక్స్ట్‌ను వాడే ఫ్రేమ్‌వర్క్‌లో అక్షరాలు ఫోన్‌కు అక్షరాలుగానే తెలుస్తాయి. కాన్వాస్ మీద గీసే ఫ్లట్టర్‌లో అవి ఫోన్ దృష్టిలో రంగు చుక్కలే, కాబట్టి ఏ చోట ఏ మాట ఉందో చెప్పే ఒక సమాంతర చెట్టును ఫ్లట్టర్ కట్టి ఫోన్‌కు ఇస్తుంది. చాలావరకు అది మన ప్రమేయం లేకుండానే జరుగుతుంది. పేరా మధ్యలో లింకు పెట్టినప్పుడు మాత్రం రెండు తెగల్లోనూ ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్, ఐఫోన్‌లో వాయిస్ఓవర్ ఆన్ చేసి చెవితో విని చూడాలి. లింకు ఉన్నట్టే చెప్పకుండా పేరా మొత్తం ఒక్క ఊపిరిలో చదివేసిన సందర్భాలు నేను విన్నాను.

ఇన్ని చిక్కుల్నీ ఒకచోట కట్టేయడానికి టీమ్‌లు చేసే పని, సొంత టెక్స్ట్ కాంపోనెంట్ ఒకటి రాసుకుని యాప్ అంతటా దాన్నే వాడటం. నేనూ అదే చేస్తాను. ఒకప్పుడు రియాక్ట్ నేటివ్‌లో కొందరు ఈ శ్రమ లేకుండా అసలు టెక్స్ట్ మీదే డిఫాల్ట్ ప్రాప్‌లు రాసేసి, యాప్ మొత్తానికి ఫాంటు మార్చేసేవారు. రియాక్ట్ 19లో ఫంక్షన్ కాంపోనెంట్లకు ఆ సదుపాయం తీసేశారు, ఆ దొడ్డిదారి మూసుకుపోయింది. సొంత కాంపోనెంట్‌లో నేను పెట్టేవి కొన్నే. సైజు, రంగు అంకెలుగా తీసుకోదు, "శీర్షిక", "పేరా", "చిన్నమాట" లాంటి పాత్రల పేర్లు తీసుకుంటుంది. ఆ పాత్రకు, ఆ భాషకు తగిన ఫాంటు, లైను ఎత్తు లోపల ఎంచుకుంటుంది. తెలుగుకు ఇంగ్లిష్ కంటే లైను ఎత్తు ఎక్కువ ఇస్తుంది. సైజు పెరుగుదలకు హద్దు ఏ పాత్రకు ఉండాలో, దేనికి ఉండకూడదో అందులోనే రాసి ఉంటుంది. మార్జిన్లు మాత్రం అందులో పెట్టను, అవి చుట్టూ ఉన్న లేఅవుట్ పని.

టెస్టింగ్‌కు ప్రతి తెరనూ మూడు రకాలుగా చూస్తాను: అక్షరాలు ఫోన్ ఇచ్చే గరిష్ఠ సైజులో పెట్టి ఒకసారి, బోల్డ్ సెట్టింగ్ ఆన్ చేసి ఒకసారి, ప్రతి మాటకూ రెట్టింపు పొడుగున్న దొంగ అనువాదం పెట్టి ఒకసారి. జర్మన్ కోసం కొందరు ఆ మూడోది చేస్తారు, తెలుగుకూ అంతే అవసరం. ఆ జాబితాలో రెండోది ఎలా చేరిందో వేరే చెప్పక్కర్లేదు. "సమర్పించండి" బటన్ ఇప్పుడు వెడల్పును అక్షరాల కొలత మీద ఆధారపడి తీసుకోవడం లేదు, పక్కనున్న బటన్‌తో వరుసను సగం సగం పంచుకుంటోంది. పదం చివర పెట్టిన ఆ స్పేస్‌ను మాత్రం తీసేయడం మర్చిపోయాం. ఆరు నెలల తర్వాత ఇంకొకరు కోడ్ చూస్తూ, ఇదెందుకని అడిగారు.